వారానికొక పొట్లం

బళేపేట సందుల్లో గాజుల అంగళ్ళకు కొదవ లేదు. అయినా పెళ్ళి గాజులకని వచ్చినవాళ్ళు నాలుగు అంగళ్ళు దాటుకుని పాపక్క దగ్గరికే వచ్చేవాళ్ళు. వచ్చిన మనిషి మెట్టు కింద చెప్పులు విడుస్తూ ఉండగానే ఆమె చేయి చూసి కొలత చెప్పేసేది పాపక్క.

"రెండూ ఎనిమిది వద్దమ్మా, జారిపోతాయి. నీది రెండూ ఆరు చెయ్యి" అనేది. నమ్మనివాళ్ళు వేసుకుని చూసి నమ్మేవాళ్ళు.

గాజు ఎక్కించడంలో ఆమెదొక పద్ధతి. బొటనవేలి మొదట్లో మెత్తగా పిసికి, అరచేతిని దొప్పలాగా మడిచి, ఊరూ పేరూ పెళ్ళికొడుకు ఉద్యోగమూ అడుగుతూ, ఎదుటి మనిషి నొప్పి అనుకునేలోగా డజను గాజులు మణికట్టు దాటించేసేది. గాజు చిట్లడమనేది ఆమె చేతిలో ఎవరూ చూడలేదు. సీమంతాలకు ఇళ్ళకు పిలిపించుకునేవాళ్ళు. కడుపుతో ఉన్న పిల్లకు పచ్చగాజులు పాపక్క చేత వేయిస్తే మంచిదని పేటలో ఒక మాట పుట్టింది. ఆ మాట ఎవరు పుట్టించారో ఆమెకే తెలియదు. కానీ దాన్ని నిలబెట్టుకోవాలని మాత్రం ఆమెకు ఎప్పుడూ ఉండేది.

వాళ్ళ తాత కడప వైపు నుంచి గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చి ఈ ఊళ్ళో నిలిచిపోయాడు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, సేట్ల దగ్గర హిందీ. పాపక్క మూడింట్లోనూ బేరమాడగలదు. మొగుడు ఆంజనేయులు నెమ్మదస్తుడు. సరుకు తేవడం, పెట్టెలు సర్దడం, పగిలినవి ఏరి పక్కన పెట్టడం ఆయన పని. ఒక్కతే కూతురు రాధిక మహదేవపురలో ఒక కంపెనీలో పని చేస్తుంది. పొద్దున్నే చిక్కపేట స్టేషన్‌లో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి పోతుంది, దీపాలు పెట్టాక వస్తుంది. ముగ్గురూ అంగడి పైనున్న మేడ మీదే ఉంటారు. ఆ మేడకు నిటారుగా ఒక ఇరుకు మెట్లదారి ఉంది.

ఆ మెట్లే పాపక్కకు భయం పట్టించాయి. అరవై దగ్గర పడేసరికి మోకాళ్ళు పట్టేశాయి. నడుమూ తొడలూ ఒకటే సలుపు. సగం మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడిపోయేది. అలా నిలబడినప్పుడల్లా వాళ్ళమ్మ కళ్ళ ముందుకు వచ్చేది. వాళ్ళమ్మ నీళ్ళు పోసుకునే బచ్చలింట్లో జారిపడితే తుంటి విరిగింది. "ఎముకలన్నీ సుద్దముక్కల్లాగా అయిపోయినాయి, అతికేది కష్టం" అన్నాడు ఆనాటి డాక్టరు. ఆమె మళ్ళీ లేవలేదు. వెనకగదిలో మంచానికి అతుక్కుపోయి, ఒంటికి పుళ్ళు పడి, తన గలీజు తనకే అసహ్యమై, తీసుకుపో స్వామీ అని దేవుణ్ణి వేడుకుంటూ పోయింది. పాపక్కే ఎత్తిపోసింది, కడిగింది, తుడిచింది. చావంటే ఆమెకు భయం లేదు గానీ, అలాంటి పడకంటే ఒళ్ళంతా వణుకు.

రాధిక బలవంతం మీద డాక్టరు దగ్గరికి పోయింది. రక్తం తీసి చూసి, విటమిన్ డి బాగా తక్కువగా ఉందన్నాడు ఆయన. పొద్దు పొడవకముందే అంగట్లోకి దిగి, పొద్దు గూకాక మేడెక్కే మనిషికి ఎండ ఎక్కడ తగులుతుంది? చిన్న చిన్న పొట్లాల్లో ఉండే పొడి రాసిచ్చాడు. వారానికొక పొట్లం, పాలలో కలిపి తాగాలి, ఎనిమిది వారాలు. దాంతోపాటు రోజూ ఒక క్యాల్షియం మాత్ర. "ఎనిమిది వారాలయ్యాక మళ్ళీ రండి, రక్తం చూసి తగ్గిద్దాం" అన్నాడు.

మందు పని చేసింది. అది దాచాల్సిన మాట కాదు. నెల తిరిగేసరికి సలుపు తగ్గింది. రెండో నెల చివరికి పాపక్క మెట్లను గోడ పట్టుకోకుండా ఎక్కింది. పైకొచ్చి, వంటింట్లో నిలబడి, "ఏమయ్యా, చూస్తివా, ఎక్కేసినా!" అని చిన్నపిల్లలాగా నవ్వింది. ఆంజనేయులుకు ఆ నవ్వు చూసి కళ్ళు చెమర్చాయి.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోవాల్సిన రోజులు సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లో పడ్డాయి. అంగడిలో ఊపిరాడటం లేదు. "ఒళ్ళు బాగుంది, ఇంక ఆయన దగ్గరికి ఎందుకులే" అనుకుంది. మందు మానేద్దామా అంటే వెనకగది గుర్తొచ్చింది. మానలేదు. వారానికొకటితోనే ఆగి ఉన్నా ఇంత దూరం వచ్చేది కాదేమో. కానీ ఆమె మనసులో ఒక లెక్క మొదలైంది. వారానికొకటి తింటేనే ఇంత బలం వచ్చిందే, రోజుకొకటి తింటే ఎముకలు ఇనుమవుతాయి కదా? అదేమన్నా విషమా? విటమిన్. కూరల్లో ఉండేదే, ఎండలో వచ్చేదే.

సందు మొదట్లో మందుల అంగడి నరేశ్‌ది. పాపక్క కళ్ళ ముందు పెరిగిన పిల్లవాడే, ఇప్పుడు తల నెరుస్తోంది. పది రోజులు తిరక్కుండానే ఇంకొక పెట్టె అడిగినప్పుడు అతను ఇస్తూనే అన్నాడు:

"పాపక్కా, ఇది వారానికొకటి. రోజూ తినేది కాదు."

"మోకాళ్ళు నీవా, నావా?" అంది పాపక్క నవ్వుతూ. "ఇయ్యప్పా, మదువెల కాలం, పెండ్లి గిరాకీలు కాచుకోనుండారు, పోవల్ల."

అతనూ నవ్వి ఇచ్చేశాడు. ఆ తరువాత ఎప్పుడూ చెప్పలేదు. పెట్టెలు తీసుకుపోవడం ఆంజనేయులు వంతయింది.

రోజూ పొద్దున్నే పాలు కాచి, గోరువెచ్చగా చేసి, పొట్లం చించి, పొడి అడుగున మిగలకుండా చెంచాతో తిప్పి, భార్య చేతికి అందించడం ఆయనకు పూజ లాంటిదైంది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె తనకు కాఫీ కలిపిచ్చింది, ఇప్పుడు తాను ఆమెకు ఒకటి కలిపిస్తున్నాడు. రాధిక తన వంతుగా ఫోనులో చూసి ఎముకల బలానికని ఒక పొడి డబ్బా తెప్పించింది, సాయంత్రం పాలకు. ఆఫీసులో ఎవరో చెప్పారని పండ్ల రుచితో నమిలే విటమిన్ బిళ్ళలు కూడా ఒక సీసా తెచ్చింది. ఆ డబ్బా మీదా, ఆ సీసా మీదా చిన్న అక్షరాల్లో మళ్ళీ అదే విటమిన్ డి, అదే క్యాల్షియం ఉన్నాయి. ఆ అక్షరాలు ఎవరూ చదవలేదు. మోకాళ్ళు బాగయ్యాయి కాబట్టి క్యాల్షియం మాత్ర కూడా పొద్దునొకటి, రాత్రొకటి అయింది.

ఇలా నెలలు గడిచాయి.

మొదట అన్నం సయించకుండా పోయింది. సంకటి ముద్ద ముందు పెట్టుకుని పాపక్క దాన్ని వేలితో అటూ ఇటూ తోసేది. "నోరు కంచులోహం మాదిరి ఉండాది" అనేది. తరువాత దాహం పట్టుకుంది. చెంబుల కొద్దీ నీళ్ళు తాగేది. తాగిన నీళ్ళు నిలవవు, అంగట్లో బేరం మధ్యలో లేచి మేడ మీదికి పరుగు తీసేది. మలబద్ధకం. వేవిళ్ళ మాదిరి పొద్దున్నే వాంతులు. కాళ్ళల్లో సత్తువ ఉండేది కాదు.

ఇంట్లోవాళ్ళకు తోచింది ఒక్కటే. మనిషి నీరసించిపోయింది, బలం తగ్గింది.

"అన్నం తినకపోతే పోనీలేవే, ఈ పాలన్నా తాగు" అని ఆంజనేయులు గ్లాసు పట్టుకుని మంచం పక్కనే నిలబడేవాడు. ఒకోసారి వాంతి అయితే ఇంకొక పొట్లం చించి ఇంకొక గ్లాసు కలిపేవాడు, పోయింది కదా అని. ఏది మనిషిని తినేస్తోందో దాన్నే ప్రేమగా పోస్తున్నారని ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

అందరికంటే ముందు పాపక్కకే ఇంకొక సంగతి తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. తల లోపల ఏదో మబ్బు దిగుతోంది. పొద్దున అనుకున్న మాట మధ్యాహ్నానికి ఉండదు. కొలత చెబుదామని చేయి చూస్తే, ఆ చేయి చేయిలాగానే కనిపిస్తుంది, అంకె రాదు. ఎన్నేళ్ళ విద్య! పెదవుల దాకా వచ్చి ఆగిపోతుంది. అప్పుడు "నీ కొలతెంత తల్లీ?" అని అడగడం మొదలుపెట్టింది. వాళ్ళు చెప్పింది ఇచ్చేది. మనసులో మాత్రం కుంగిపోయేది. పాతగిరాకీలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు.

అలాంటి రోజుల్లో బొమ్మనహళ్ళి నుంచి సీమంతానికి పిలుపు వచ్చింది. ఒకప్పుడు పేటలోనే ఉండి, అక్కడ గార్మెంట్సు పని పెట్టుకుని స్థిరపడిన కుటుంబం. ఆ ఇంటి పిల్ల సౌమ్యకు పెళ్ళిగాజులు వేసింది పాపక్కే. "అమ్మా, ఒంట్లో బాగాలేదు కదా, పోవద్దు" అంది రాధిక. "పిలిచినాక పోకుంటే ఎట్ల? మంగళం పని" అని పాపక్క ఆటో ఎక్కింది.

ఆ ఇంటి నిండా జనం. అగరొత్తుల పొగ, మల్లెపూల వాసన, పసుపు నీళ్ళు. పాపక్క పీట ముందు కూర్చుని సౌమ్య చేయి అందుకుంది. నిండునెలల పిల్ల, వేళ్ళు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. అలాంటి చేతికి ఒక కొలత పెద్దది వేయాలి. ఆ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేది పాపక్క. ఆ రోజు ఆ మాట ఆమెకు తట్టలేదు. చేతికి అందిన గాజు తీసి తోసింది. కణుపుల దగ్గర పట్టింది. ఇంకొంచెం తోసింది. తన వేళ్ళలో పట్టు లేదని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

చిట్లింది.

పచ్చటి పెంకు సౌమ్య చేతి మీద గీసుకుంది. రక్తం బొట్లు పీట మీద పడ్డాయి. పాట పాడుతున్నవాళ్ళు ఆపేశారు. పిల్ల ఏడవలేదు, "ఏమీ కాలేదు పాపక్కా" అంది కూడా. కానీ వెనక నుంచి ఆ ఇంటి ముసలామె అన్న మాట అందరికీ వినబడింది.

"ఒంట్లో బాగాలేనిదాన్ని ఎందుకు పిలిచినారు? మంగళం పూట రక్తం కళ్ళజూపించె."

పాపక్క పెంకులు ఒక్కొక్కటే ఏరి కొంగులో మూట కట్టుకుని లేచింది. ఇల్లు చేరేదాకా ఆ మూట విప్పలేదు.

"ఏమయిందే?" అన్నాడు ఆంజనేయులు.

"నా చెయ్యి పోయిందయ్యా" అంది. అంతే.

మరుసటి రోజు నుంచి అంగట్లోకి దిగలేదు. గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ పిల్లకు ఏమన్నా అయితే, పుట్టే బిడ్డకు ఏమన్నా అయితే అని ఒకటే పలవరింత. కొన్నాళ్ళకు ఆ పలవరింతలో కూడా పొందిక పోయింది. రాధికను చూసి "అమ్మా, తుంటి నొప్పి తగ్గిందా?" అని అడిగింది. కూతుర్ని చచ్చిపోయిన తల్లి అనుకుంది. రాధిక గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చింది. ఆఫీసులో స్నేహితురాలి తల్లికి మతిమరుపు జబ్బు వచ్చి ఇలాగే మొదలైందట. ఇంక అమ్మ మనకు లేదనే అనుకుంది.

ఒక ఆదివారం పొద్దున ఆంజనేయులు పాలు తెచ్చి లేపితే పాపక్క లేవలేదు. కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది, మాట లేదు. ముగ్గురు నలుగురు కలిసి కుర్చీలో కూర్చోబెట్టి ఆ ఇరుకు మెట్ల మీదుగా దించి ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడ ఎమర్జెన్సీలో ఉన్నది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. పేరు కృప. నెల్లూరు వైపు నుంచి వచ్చిందట, తెలుగు వినేసరికి తెలుగులోనే అడిగింది.

"ఏమేం మందులు వాడుతున్నారండీ?"

"మందులేం లేవమ్మా" అన్నాడు ఆంజనేయులు. "బీపీ లేదు, షుగర్ లేదు. ఆరోగ్యంగానే ఉండె."

రక్తం పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి స్టూలు లాక్కుని ఆంజనేయులు ఎదురుగా కూర్చుంది.

"రక్తంలో క్యాల్షియం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. బాగా ఆలోచించి చెప్పండి. బలానికని ఏమన్నా ఇస్తున్నారా? విటమిన్లు, పొడులు, టానిక్కులు, ఏదైనా సరే."

"అవి ఇస్తాండాము. అవి మందులు కాదు కదమ్మా" అన్నాడాయన.

రాధిక మాట్లాడకుండా ఇంటికి పోయి, అరలో ఉన్నవన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకుని వచ్చి మంచం మీద కుమ్మరించింది. పొట్లాల పెట్టెలు, క్యాల్షియం సీసా, పొడి డబ్బా, నమిలే బిళ్ళలు. డాక్టరమ్మ ఒక్కొక్కటీ తిప్పి వెనక ఉన్న అక్షరాలు చదివింది.

"ఈ పొట్లం వారానికెన్ని?"

"వారానికి కాదు, రోజూ ఒకటి. నేనే కలిపిస్తా పాలలో" అన్నాడు ఆంజనేయులు. ఆ మాట ఒక రకమైన గర్వంతోనే మొదలుపెట్టాడు. డాక్టరమ్మ ముఖం చూసి, చివరికి వచ్చేసరికి గొంతు పడిపోయింది.

ఆమె కోప్పడలేదు. మెల్లిగా చెప్పింది. కొన్ని విటమిన్లు ఎక్కువైతే చాలావరకు ఒంటేలులో పోతాయి, అవి కూడా ఇష్టమొచ్చినట్టు తినేవి కావు. ఈ డి అలా పోయే రకం కాదు, ఒంట్లో కొవ్వులో చేరి నిలవ ఉంటుంది. రోజూ పోస్తుంటే పేరుకుంటుంది. తిన్న క్యాల్షియమంతా రక్తంలోకి లాగుతుంది, ఎముకల్లో ఉన్నదాన్ని కూడా కరిగించి రక్తంలోకే తెస్తుంది. ఆకలి పోవడం, దాహం, వాంతులు, మతి తప్పడం, అన్నీ ఆ క్యాల్షియం వల్లనే.

"అయితే మా అమ్మకు మతిమరుపు జబ్బు కాదా?" అంది రాధిక.

"కాకపోవచ్చు. తగ్గాక చూద్దాం. తగ్గుతుందనే అనుకుంటున్నాను. కిడ్నీల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను."

సెలైన్లు ఎక్కించారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. పాపక్కకు ఆ రోజులు బావి అడుగు నుంచి విన్నట్టే గుర్తు. ఎవరో పైన మాట్లాడుతున్నారు, మాట కిందికి వచ్చేసరికి ముక్కలవుతోంది. ఆ తరువాత ఒక మధ్యాహ్నం, నర్సు చేతికి సూది మారుస్తుంటే పాపక్క ఆ అమ్మాయి మణికట్టు వైపు చూసి, తడారిన గొంతుతో "రెండూ నాలుగు" అంది.

నర్సుకు అర్థం కాలేదు. రాధికకు అర్థమయింది. నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

తెలివి పూర్తిగా వచ్చాక జరిగినదంతా కూతురు చెప్పింది. ఆంజనేయులు రెండు రోజులుగా పాపక్క కళ్ళలోకి చూడటం లేదు. వస్తాడు, మంచం కాళ్ళ దగ్గర కూర్చుంటాడు, దుప్పటి సర్దుతాడు.

"ఏమయ్యా, ఇట్ల రా" అంది.

ఆయన దగ్గరికి వచ్చాడు. వచ్చి, ఒక్కసారిగా ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. "నా చేతులారా పోసినా కదే. కక్కినా ఇడిచిపెట్టకుండా పోసినా. అడిగి పోయాల అని తెల్లేదే నాకు."

"నేను అడిగితేనే పోసినావు. డాక్టరు రమ్మన్నె. పోకుండా ఉండింది నేను. నరేశు చెప్పె. నవ్వింది నేను" అంది పాపక్క. "మా అమ్మ మాదిరి మంచాన పడకూడదు అనుకొంటి. ఆ భయం నన్ను మంచాన పడేసె. దాంట్లో నీ తప్పేముండాది?" అంది.

ఆయన ఆమె చేయి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. భోజనాల బండి వచ్చి పోయింది, ఇద్దరూ కదలలేదు.

ఇంటికి వచ్చాక కూడా అంత తేలికగా వదలలేదు. ఒంట్లో పేరుకున్నది కరగడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అప్పటిదాకా పాలు, పెరుగు, రాగులు కూడా వద్దంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రాగిసంకటి తిన్న మనిషి చారన్నంతో సరిపెట్టుకుంది. వారం వారం రక్తపరీక్ష. క్యాల్షియం దిగింది, మళ్ళీ కొంచెం ఎక్కింది, మళ్ళీ దిగింది. తలలో మబ్బు విడిపోయింది. కిడ్నీలు మాత్రం పూర్తిగా తేరుకోలేదు. కొంత బాగుపడి అక్కడ నిలిచిపోయాయి. ఇంక ఇంతేనని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని, నొప్పిమాత్రలు ఒక్కటి కూడా సొంతంగా మింగవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

బొమ్మనహళ్ళి నుంచి కబురు వచ్చింది. సౌమ్యకు ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. పాపక్క దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడింది. బారసాలకు పిలిచారు గానీ పోలేదు. ఆ ఇంటి మీద కోపం లేదు. ఆ పీట మీద పడిన రక్తం ఇంకా కళ్ళ ముందు ఉంది. ఆ తరువాత ఎవరు పిలిచినా సీమంతాలకు పోవడం మానుకుంది. వేళ్ళలో పట్టు మునుపటంత రాలేదని ఆమెకు తెలుసు.

కాస్త నడవగలిగాక మొదట నరేశ్ అంగడికి పోయింది. ఆమెను చూసి అతను గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

"పాపక్కా, నేను ఇయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు.

"నువ్వు చెప్పినావు. నేను ఇన్లా" అంది పాపక్క. "నేనొకటి చెప్తా, నువ్వన్నా ఇను. ఈసారి ఎవరన్నా నా మాదిరి ఎగతాళి చేస్తే, ఒకసారి చెప్పి ఊరుకోవద్దప్పా. డాక్టరు చీటీ లేకుంటే ఇయ్యొద్దు. కోపం వస్తే రానీ. బతికుంటే కదా కోప్పడేది."

అతను తలూపాడు.

ఏడాది తిరిగాక ఇంకొక చిక్కు వచ్చింది. మనిషి పాలిపోయింది, రెండు మెట్లకే ఆయాసం. పరీక్షలు చూసి, కిడ్నీలు నీరసించినవాళ్ళకు ఇలా రక్తం తగ్గుతుందని, ఇనుము కూడా తక్కువగా ఉందని, కొన్నాళ్ళు ఐరన్ మాత్రలు వాడాలని డాక్టర్ కృప చీటీ రాసింది. పాపక్క చీటీ తీసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వద్దమ్మా. చచ్చినా సరే, మళ్ళీ బలం మందు నా నోట్లో ఏసుకోను."

రాధిక ఏదో అనబోతే డాక్టరమ్మ చేత్తో ఆపింది.

"మీ భయం నాకు అర్థమైంది పాపక్కా. కానీ ఒకటి చెప్పండి. మొదట ఆ డాక్టరు రాసిన ఎనిమిది పొట్లాలు మీకు మేలు చేశాయా, కీడు చేశాయా?"

పాపక్క ఆలోచించింది. మేడ మెట్లు గుర్తొచ్చాయి. "మేలే చేసినాయి" అంది చివరికి.

"అంతే. లోటు ఉన్నప్పుడు, ఉన్నంత లోటుకే ఇస్తే అది మందు. అడగకుండా పెంచితేనే చిక్కు. ఇదీ అంతే. రక్తం చూసే ఇస్తున్నాను, మళ్ళీ రక్తం చూసే ఆపుతాను. మధ్యలో ఏదన్నా తేడా వస్తే ఫోన్ చెయ్యండి."

పాపక్క అప్పుడు అడగడం మొదలుపెట్టింది. పొద్దునా, రాత్రా? అన్నానికి ముందా, తరువాతా? కాఫీతో వేసుకోవచ్చా? కాఫీతో వద్దు, కాసేపు ఎడం ఉండాలి, కడుపులో పట్టకపోతే అన్నం తిన్నాక వేసుకోండి అంది డాక్టరమ్మ. విరేచనం నల్లగా అవుతుంది, భయపడవద్దంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే అందని చోట పెట్టాలి, పిల్లలు మిఠాయి అనుకుని మింగితే ప్రాణానికే ముప్పు అంది. రాధిక తెచ్చే సీసాల్లో కూడా ఇది ఉంటుందా అని అడిగింది పాపక్క. ఉంటుంది, అందుకే ఏది తెచ్చినా ముందు నాకు చూపించండి అంది ఆమె. బయట వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. పాపక్క లేవలేదు. అడగాల్సినవన్నీ అడిగాకే చీటీ అందుకుంది.

ఇప్పుడు పొద్దున పూట అంగట్లో పాపక్కే కూర్చుంటుంది. మధ్యాహ్నం ఎండెక్కాక పని ఆంజనేయులుకు అప్పగించి మేడెక్కుతుంది. ఎక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతుంది. ఆరు నెలలకొకసారి కిడ్నీ పరీక్ష. కిందటిసారి అంకె మారలేదు, అంటే దిగజారలేదు. దాన్నే మంచి కబురుగా తీసుకోవడం ఆ ఇంట్లో అందరూ నేర్చుకున్నారు. మొన్న రాధిక జుట్టు రాలుతోందని ఏదో బిళ్ళల సీసా తెచ్చుకుంటే, పాపక్క దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, వెనక ఉన్న చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదవబోయింది. ఇంగ్లీషు రాక ఆగిపోయింది.

"చదువు అమ్మణ్ణీ" అంది, సీసా కూతురి చేతికిస్తూ. "మెల్లిగా చదువు. ఏమేమి ఉండాదో నాకూ చెప్పు. తరవాత డాక్టరమ్మకు ఫోన్ జేద్దాం."

రాధిక మంచం అంచున కూర్చుని చదవసాగింది.